నిధులు వెతికే సాఫ్ట్‌వేర్ కన్నా ముందు ఫైలు సర్దుకుందాం

అడగందే అమ్మయినా పెట్టదంటారు. కానీ ఎవరిని అడగాలో, ఎప్పుడు అడగాలో, ఏ కాగితం పట్టుకొని అడగాలో తెలియనివాడికి ఆ సామెత వల్ల ఒరిగేదేమీ లేదు. మెదక్ పట్టణంలోనూ, రామాయంపేట, నర్సాపూర్, తూప్రాన్ ప్రాంతాల్లోనూ పనిచేస్తున్న మన చిన్న సంస్థల పరిస్థితి నేడు ఇదే. ఒకచోట సాయంత్రపు ట్యూషన్ కేంద్రం, ఇంకొకచోట ఆడపిల్లల కుట్టు శిక్షణ, మరొకచోట వితంతువులకు నెలనెలా రేషన్ అందించే కమిటీ. నలుగురైదుగురు పెద్దమనుషుల జేబుల మీదా, రంజాన్ మాసంలో వచ్చే విరాళాల మీదా ఇవి నడుస్తున్నాయి. పని ఉంది, నిజాయితీ ఉంది. లేనిది బయటి నిధుల సమాచారం.

ఈ కొరతను చూసే కొత్త సరుకొకటి సంతకు వచ్చింది. దేశవిదేశాల దాతలు, ఫౌండేషన్లు, కంపెనీలు ఇచ్చే గ్రాంట్లను మీ సంస్థకు తగినట్టు వెతికి పెడతామనే సాఫ్ట్‌వేర్లు అవి. నెలకింత, ఏడాదికింత చందా కట్టమంటాయి. కట్టాలా వద్దా, కడితే దేనికి కట్టాలి అని మన కార్యకర్తలు అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు ఈ సంపాదకీయంలో వివరంగా జవాబు చెప్పదలచాము. ఎందుకంటే ఈ ఖర్చు పెట్టేది ఎవరి సొంత సొమ్మూ కాదు, పేదల పేరున సమాజం ఇచ్చిన సొమ్ము.

ఈ ప్రశ్న ఇప్పుడే ఎందుకు బలంగా ముందుకొచ్చిందో మొదట గుర్తు చేసుకుందాం. మైనారిటీల విద్య కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థలకు పాఠశాలలు, హాస్టళ్ల నిమిత్తం సాయం అందించేందుకు 1989లో ఏర్పడిన మౌలానా ఆజాద్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్‌ను మూసివేయాలని కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ 2024 ఫిబ్రవరిలో ఆదేశించింది. దాన్ని సవాలు చేసిన పిటిషన్‌ను అదే ఏడాది ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు తోసిపుచ్చింది. అంతకుముందు 2022లోనే ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు మైనారిటీ పిల్లలకు ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఆగిపోయింది. పరిశోధక విద్యార్థుల మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ కూడా ఆ ఏడాదే నిలిచింది. ఒక్కొక్క తలుపు మూసుకుపోతున్నకొద్దీ బీడీలు చుట్టి, ఆటో నడిపి, పండ్లు అమ్మి పిల్లల్ని చదివించుకునే కుటుంబాలు స్థానిక కమిటీల వైపే చూస్తున్నాయి. ఆ కమిటీలు ఎటు చూడాలి? అసలు ప్రశ్న ఇది.

ముందుగా విదేశీ సాఫ్ట్‌వేర్ల సంగతి చూద్దాం. ఈ రంగంలో పేరున్నవి చాలావరకు అమెరికాలో పుట్టినవి. 1956లో మొదలైన ఫౌండేషన్ సెంటర్, గైడ్‌స్టార్ అనే మరో సంస్థతో 2019లో విలీనమై క్యాండిడ్ అనే పేరు పెట్టుకుంది. అక్కడి ఫౌండేషన్లు ఎవరికి ఎంత ఇచ్చాయో చెప్పే పెద్ద జాబితా దానిది. ఇన్‌స్ట్రుమెంటల్, గ్రాంట్‌స్టేషన్ వంటివీ అటువంటివే. వాటి నాణ్యత మీద మాకు ఫిర్యాదు లేదు. అమెరికాలో నమోదైన సంస్థకు అవి ఉపయోగపడతాయి. అయితే వాటి ధర డాలర్లలో ఉంటుంది, వాటి జాబితాలోని దాతలూ ఎక్కువగా ఆ దేశపు వారే.

ఆ దాత ఇవ్వదలచినా మన చిన్న సంస్థ పుచ్చుకోగలదా? విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 కింద రిజిస్ట్రేషన్ లేనిదే లేదా ముందస్తు అనుమతి లేనిదే ఒక్క డాలరు కూడా తీసుకోరాదు. రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థకు కనీసం మూడేళ్ల వయసుండాలి. గడిచిన మూడు ఆర్థిక సంవత్సరాల్లో అసలు కార్యక్రమాల మీద కనీసం 15 లక్షల రూపాయలు ఖర్చు చేసి ఉండాలి. ఖాతా న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరవాలి. ఇది చాలదన్నట్టు, 2020 సవరణతో ఒక సంస్థకు వచ్చిన విదేశీ విరాళాన్ని మరొక సంస్థకు బదలాయించడం నిషిద్ధమైంది. హైదరాబాద్‌లోని పెద్ద సంస్థ తీసుకొని మెదక్‌లోని చిన్న సంస్థకు పంచే దారి కూడా అలా మూసుకుపోయింది. ఇటువంటప్పుడు విదేశీ దాతల జాబితాకు చందా కట్టడమంటే మన స్టేషన్‌లో ఆగని రైలుకు టికెట్టు కొనుక్కోవడమే.

ఇక్కడే మన కుటుంబాలు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. దుబాయ్‌లోనో, జెడ్డాలోనో ఉద్యోగం చేస్తున్న మన వాళ్లు భారత పౌరులుగానే ఉండి, తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపే విరాళం విదేశీ విరాళం కాదు. అయితే విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, వారు మన రక్తసంబంధీకులైనా, మన ఊరివారైనా, అది విదేశీ విరాళమే. కాబట్టి పంపినవారి పాస్‌పోర్టు నకలు తీసుకొని ఫైలులో పెట్టడం కార్యదర్శి విధి. ఈ ఒక్క జాగ్రత్త ఏ సాఫ్ట్‌వేరూ చేసిపెట్టదు.

మరి మన దేశంలో దొరికే నిధుల మాటేమిటి? కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. నికర విలువ 500 కోట్లు లేదా టర్నోవర్ 1000 కోట్లు లేదా నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్క హద్దు దాటిన కంపెనీ అయినా గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద వెచ్చించాలి. ఆ కంపెనీ తాను పనిచేసే చోటుకూ, దాని చుట్టుపక్కల ప్రాంతాలకూ ప్రాధాన్యమివ్వాలని అదే సెక్షన్ చెబుతోంది. మన జిల్లాలో మనోహరాబాద్, తూప్రాన్, చేగుంట చుట్టూ, పక్కనున్న సంగారెడ్డి జిల్లాలో పటాన్‌చెరు, పాశమైలారం, జహీరాబాద్ చుట్టూ కర్మాగారాలున్నాయి. వాటి పొగా, వాటి లారీలూ మన ఊళ్ల మీదుగానే పోతున్నాయి. వాటి నిధులెటు పోతున్నాయో చూడడానికి చందా అక్కరలేదు. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ నడిపే జాతీయ సీఎస్ఆర్ పోర్టల్‌లో ఏ కంపెనీ ఏ రాష్ట్రంలో ఏ రంగానికి ఎంత ఖర్చు చేసిందో ఉచితంగా చూడవచ్చు. వెబ్‌సైట్ ఉన్న కంపెనీ తన సీఎస్ఆర్ కమిటీలో ఎవరున్నారో, ఏ పనులకు ఆమోదం తెలిపిందో అందులో పెట్టాలని నిబంధన ఉంది.

ప్రభుత్వ పథకాలకు నీతి ఆయోగ్ వారి ఎన్జీఓ దర్పణ్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి, దానికి రుసుము లేదు. వృద్ధాశ్రమాలు, మత్తు విముక్తి కేంద్రాల వంటి పనులకు సామాజిక న్యాయ శాఖ వారి ఈ-అనుదాన్ పోర్టల్ ఉంది. దేశీయ దాతల ప్రకటనలను ఎన్జీఓబాక్స్ వంటి వేదికలు ఎప్పటికప్పుడు వేస్తుంటాయి. గైడ్‌స్టార్ ఇండియాలో సంస్థ వివరాలు పెట్టుకుంటే దాతలు మనల్ని వెతుక్కునే వీలుంటుంది. వారానికి రెండుసార్లు ఇవన్నీ తిరగేసే మనిషి ఒకరుంటే, ఒక చిన్న సంస్థకు కావలసిన సమాచారంలో అధిక భాగం పైసా ఖర్చు లేకుండా చేతికొస్తుంది.

అయితే సమాచారం చేతికొచ్చిన తరువాతే అసలు చిక్కు మొదలవుతుంది. ప్రకటన చూస్తాం, గడువు పది రోజులుంటుంది, అడిగిన కాగితాల్లో సగం మన దగ్గరుండవు. సీఎస్ఆర్ నిధి తీసుకునే సంస్థకు 12ఏ, 80జి అని మనకు అలవాటైన ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్లు ఉండాలి. అటువంటి పనుల్లో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి సీఎస్ఆర్-1 అనే ఫారం దాఖలు చేసి నంబరు పొంది ఉండాలి. పాత 12ఏ, 80జి కూడా శాశ్వతం కావు, గడువులోగా పునరుద్ధరించుకోవాలి. వీటికి తోడు పాన్, సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద జిల్లా రిజిస్ట్రార్‌కు ఏటా సమర్పించే వివరాలు, మూడేళ్ల ఆడిట్ లెక్కలు కావాలి. ప్రభుత్వ కార్యాలయంలో ఏళ్ల తరబడి ఫైళ్లు నడిపిన అనుభవంతో ఒక మాట చెప్పగలను. దరఖాస్తులో రాసిన భాష బాగాలేదని ఫైలు వెనక్కి రావడం అరుదు. జతచేయవలసిన కాగితం లేదని వెనక్కి రావడం నిత్యకృత్యం.

ఇందులో మన సంస్థలకే ప్రత్యేకమైన ఒక ముడి ఉంది. మన బైలాలు చాలావాటిలో ‘ముస్లింల సంక్షేమం కొరకు’ అని ఉద్దేశాల్లో మొదటి వాక్యంగా రాసుకున్నారు. ఒకే మతవర్గం లేదా కులం ప్రయోజనానికే అని ప్రకటించుకున్న సంస్థకు 80జి వర్తించదు. 80జి లేకపోతే సీఎస్ఆర్ దారి కూడా ఉండదు. మహిళలు, పిల్లలు, వెనుకబడిన తరగతులు, షెడ్యూల్డు కులాలు, తెగల కోసం అని రాసుకుంటే మాత్రం ఆ అడ్డంకి లేదని చట్టమే వివరణ ఇచ్చింది. నిజానికి మన కుట్టు కేంద్రాలకు వచ్చేవారిలో అన్ని వర్గాల ఆడబిడ్డలూ ఉంటున్నారు. చేస్తున్న పనినే బైలాలో రాసుకుంటే చాలు. ఇందులో అస్తిత్వం కోల్పోయేదేమీ లేదు. అయితే బైలా సవరణను సొంతంగా చేసుకోకుండా, సర్వసభ్య సమావేశంలో తీర్మానించి, చార్టర్డ్ అకౌంటెంట్ సలహాతో, పన్ను రిజిస్ట్రేషన్ మీద దాని ప్రభావం తెలుసుకొని చేయాలి.

ఇన్ని సర్దుకున్న తరువాత కూడా సాఫ్ట్‌వేర్ కావాలనిపించే సంస్థలుంటాయి. ఉద్యోగులున్నవి, ఏటా పది పన్నెండు దరఖాస్తులు పంపేవి కొనుక్కోవడంలో తప్పు లేదు, సమయం ఆదా అవుతుంది. కొనేముందు అమ్మేవారిని ఈ ఆరు విషయాలు అడగాలి.

మొదటిది, జాబితాలో భారతీయ దాతలు ఎందరు, తెలంగాణలో ఖర్చు పెట్టేవారు ఎందరు, ఆ వివరాలు చివరిసారి ఎప్పుడు సరిచూశారు? రెండోది, విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్ అక్కరలేని నిధులను, అయిదు లక్షల లోపు చిన్న మొత్తాలను వేరుచేసి చూపగలదా? మూడోది, 18 శాతం జీఎస్టీ కలుపుకొని మొత్తం ధర రూపాయల్లో ఎంత, గడువు తీరగానే ఖాతా నుంచి దానంతటదే సొమ్ము కోసుకుంటుందా, వద్దనుకుంటే ఎలా ఆపాలి? నాలుగోది, ఎంతమంది లాగిన్ కావచ్చు, మనం దాచుకున్న వివరాలను ఎక్సెల్ రూపంలో బయటికి తీసుకోవచ్చా? లాగిన్ ఎప్పుడూ సంస్థ ఈమెయిల్ మీదే ఉండాలి, కార్యదర్శి మారితే పాస్‌వర్డ్ ఆయనతో వెళ్లిపోకూడదు. అయిదోది, సొమ్ము కట్టకముందు కొన్నాళ్లు వాడి చూసే వీలుందా? ఉంటే చిన్న పరీక్ష పెట్టండి. ఉచిత మార్గాల్లో మీకు ఇప్పటికే తెలిసిన మూడు ప్రకటనలను అందులో వెతకండి. మూడింటిలో రెండు కనిపించకపోతే ఆ సాఫ్ట్‌వేర్ మనకు పనికిరాదు. ఆరోది, మన లబ్ధిదారుల వివరాలు అడుగుతోందా? వితంతువుల పేర్లు, పిల్లల ఆధార్ నంబర్లు, ఇంటి చిరునామాలు ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ ఎక్కించవద్దు. సంఖ్యలు చాలు. ఆ పేదలు మనల్ని నమ్మి ఇచ్చిన వివరాలవి, మనకు అప్పగించిన అమానత్.

ధర విషయంలో ఒక కొలత పెట్టుకోవాలి. ఏటా మూడు లక్షల రూపాయలతో నడిచే సంస్థ ఇరవై నాలుగు వేల చందా కట్టిందనుకుందాం. అది మొత్తం ఖర్చులో 8 శాతం. ఆ సొమ్ముతో పిల్లలకు పుస్తకాలు వస్తాయి, పరీక్ష ఫీజులు కట్టవచ్చు. బడ్జెట్‌లో రెండు శాతం దాటితే కొనవద్దని మా సలహా. దానికి జకాత్ సొమ్ము వాడవద్దు. జకాత్‌కు దివ్యఖుర్ఆన్ ఎనిమిది వర్గాలను నిర్ణయించింది, సాఫ్ట్‌వేర్ చందా వాటిలో ఎక్కడ ఇముడుతుందో ఆలిములను అడగకుండా ఎవరూ తేల్చరాదు. సాధారణ విరాళాల నుంచో, ఎవరైనా దాత ఇదే పనికని ఇచ్చిన సొమ్ము నుంచో కట్టాలి.

దీనికన్నా మేలైన మార్గం కలిసి చేసుకోవడం. మెదక్‌లోని అయిదారు సంస్థలు కలిసి ఒక సమాచార బల్లను ఏర్పాటు చేసుకోవచ్చు. ఒక గది, ఒక కంప్యూటరు, డిగ్రీ చదివిన ఒక అమ్మాయికి గౌరవ వేతనం చాలు. ఆమె చేతిలో ఒక రిజిస్టరు ఉండాలి. అందులో ప్రకటన తేదీ, ఇచ్చేవారు, మొత్తం, గడువు, కావలసిన కాగితాలు, ఏ సంస్థకు తగినది, ఎవరు బాధ్యులు, చివరికి ఏమైంది అనే గడులుండాలి. ఉచితంగా దొరికే గూగుల్ షీట్‌లో పెట్టుకుంటే అందరూ చూడవచ్చు. ప్రతి శనివారం ఆ వారపు ప్రకటనలను తెలుగులోనూ, ఉర్దూలోనూ నాలుగు వాక్యాల్లో రాసి కమిటీలకు పంపాలి. సాఫ్ట్‌వేర్ అవసరమనిపిస్తే అప్పుడు అందరూ కలిసి ఒక్కటే కొనవచ్చు. అలా పంచుకోవడానికి అమ్మకందారు షరతులు ఒప్పుకుంటాయో లేదో ముందే రాతపూర్వకంగా అడగాలి.

దళారుల విషయంలో గట్టిగా ఉండాలి. ‘సీఎస్ఆర్ నిధి ఇప్పిస్తాం, ముందుగా ప్రాసెసింగ్ ఫీజు కట్టండి’ అనేవారు సాఫ్ట్‌వేర్ ముసుగులోనూ వస్తారు, సలహాదారు ముసుగులోనూ వస్తారు. కంపెనీల సీఎస్ఆర్ నిధుల పేరుచెప్పి సగం ధరకే స్కూటర్లిస్తామని జనం దగ్గర సొమ్ము వసూలు చేసిన మోసం 2025 ఫిబ్రవరిలో కేరళలో బయటపడింది. మోసపోయినవారిలో మహిళలు, స్థానిక స్వచ్ఛంద సంస్థలూ ఉన్నాయి. నిజమైన దాత ఇచ్చేముందు ఫీజు అడగడు. అడిగినవాడు దాత కాడు.

బయటి నిధుల వెంట పడడమెందుకు, మన సమాజం మనకు చాలదా అని కొందరు పెద్దలు అంటారు. వారి ఆత్మగౌరవాన్ని గౌరవిస్తాము. హైదరాబాద్‌లో 1992 నుంచి పనిచేస్తున్న జకాత్ అండ్ చారిటబుల్ ట్రస్టు వంటివి సమాజపు సొమ్మును క్రమపద్ధతిలో కూడగడితే ఎంత చేయవచ్చో చూపాయి కూడా. కానీ ప్రభుత్వ గ్రాంటు భిక్ష కాదు, మనమూ కట్టిన పన్నుల నుంచి వచ్చేది. సీఎస్ఆర్ కంపెనీ దయ కాదు, చట్టం పెట్టిన బాధ్యత. పౌరులుగా మన వాటా అడగడంలో చిన్నతనమేమీ లేదు.

ఇంకొందరు, మన పేరు చూసి తిరస్కరిస్తారు, శ్రమ ఎందుకు అంటారు. ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తీర్చలేదు. కానీ అనుమానం నిరూపణ కావాలన్నా, తొలగిపోవాలన్నా రికార్డు కావాలి. ఎన్ని దరఖాస్తులు పంపాం, ఏ కారణం చూపి తిప్పి పంపారు, కారణం చెప్పనివి ఎన్ని అని పై రిజిస్టరులో మూడేళ్లు రాసి ఉంచితే అది వినతిపత్రంలో సాక్ష్యమవుతుంది. ముస్లింల స్థితిగతులపై 2006లో సచార్ కమిటీ నివేదిక అంత బలంగా నిలబడింది అంకెల వల్లనే. అంకెలు లేని ఆవేదనను అధికారి విని ఊరుకుంటాడు, అంకెలున్న దానికి జవాబు రాయవలసి వస్తుంది.

చివరగా ప్రభుత్వం చేయవలసినది. సమాచార హక్కు చట్టం, 2005లోని 4వ సెక్షన్ ప్రకారం సబ్సిడీ పథకాల అమలు తీరు, కేటాయించిన మొత్తాలు, లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడగకుండానే ప్రతి కార్యాలయమూ వెల్లడించాలి. స్థానిక భాషను దృష్టిలో పెట్టుకొని వెల్లడించాలనీ అదే సెక్షన్ చెబుతోంది. తెలంగాణలో ఉర్దూ రెండో అధికార భాష కావాలని 2017లో శాసనసభ చట్టం చేసింది. అలాంటప్పుడు స్వచ్ఛంద సంస్థలకు వర్తించే పథకాలు, గ్రాంట్ల గడువుల జాబితాను ప్రతినెలా తెలుగులో, ఉర్దూలో జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయం నోటీసు బోర్డు మీద పెట్టమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. ఈ పని ప్రభుత్వం చేస్తే, ఇంగ్లీషు రాని కార్యకర్త డబ్బిచ్చి సమాచారం కొనుక్కోవలసిన అవసరం సగం తగ్గిపోతుంది.

కాబట్టి ప్రతి కమిటీ ఈ నెలలో మూడు పనులు చేయాలని కోరుతున్నాము. సంస్థ కాగితాలన్నీ ఒకే ఫైలులో చేర్చి, ఏది లేదో, దేని గడువు ఎప్పుడు తీరుతుందో మొదటి పేజీలో రాయండి. దర్పణ్‌లో మీ నమోదు సరిగా ఉందో లేదో చూసుకోండి. నోటీసు బోర్డు జాబితా కోరుతూ జిల్లా కలెక్టరుకు ఒక పేజీ వినతిపత్రం ఇచ్చి, రసీదు తీసుకోండి. ఈ మూడూ అయిన తరువాత సాఫ్ట్‌వేర్ కొనాలా అన్న ప్రశ్నను కమిటీ ముందు పెట్టండి. అప్పటికి కొనేవారికి ఏది కొనాలో తెలుస్తుంది, కొననివారికి ఎందుకు అక్కరలేదో తెలుస్తుంది.